రెండున్నర సెంటీమీటర్లు

ఆసుపత్రి, కొలతల గది
సోమవారం ఉదయం

మరదలికి,

పొద్దున్నుంచి నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి దానంతటదే ఊరుకుంది. ప్లాస్టరు అచ్చులు తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను బాబాయిని అడిగితే నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు: "చిన్నమ్మ ఫోను బీరువాలో పెట్టి తాళం వేసేసిందమ్మా. తాళంచెవి నడుముకి కట్టుకుంది. వారమంతా తియ్యదంట. పని మీద మనసు నిలబడాలంట."

నీ మనసు నిలబడితే చాలా? శనివారం ఇక్కడ ఇరవై నాలుగు మంది నిలబడాలి. ఇరవై నాలుగు పెట్టుడు కాళ్ళు, ఆరు రోజులు, మనిద్దరం. మీ అన్నయ్య ఎప్పటిలాగే ఈ పనిలో తల దూర్చనన్నాడు.

ఫోన్ దాచేస్తే నా నోరు మూతపడుతుందనుకున్నావేమో. బాబాయి రోజుకి రెండు ట్రిప్పులు మన వర్క్‌షాపుకీ ఈ ఆసుపత్రికీ మధ్య తిరుగుతాడు. ట్రిప్పుకో ఉత్తరం పంపుతాను. చదువుకో.

పని ఎలా చెయ్యాలో పట్టిక గీసి గోడకి అంటించాను. నకలు ఇందులో ఉంది. ఎర్ర గడి అచ్చులకి. నీలం గడి, తెగిన కాలు దూరే గిన్నెలకి. పచ్చ గడి, గిన్నె కింద పైపూ పాదమూ బిగించడానికి. ముందు అచ్చులన్నీ, తర్వాత గిన్నెలన్నీ, ఆ తర్వాతే బిగింపులు. ఒకే రకం పని ఒక్క ఊపులో అయిపోవాలి. ఒక్కో కాలు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా కూర్చుంటే వచ్చే శనివారానికి కూడా అవదు. ఇక్కడ నేను మనిషికి ఇరవై నిమిషాలు పెట్టుకున్నాను. బల్ల మీద గంట కొట్టే గడియారం ఉంది. మోగగానే తర్వాతి మనిషి. పొద్దునా సాయంత్రం ఎన్ని పూర్తయ్యాయో లెక్క రాసి పంపు.

ఇంకో మాట. కొలతల్లో వేలు పెట్టకు. పోయిన నెల పోస్టుమాన్ కాలు నీకు పొడుగనిపించి, నాతో మాటమాత్రం అనకుండా కోసేశావు. ఆయన పాపం రెండు వారాలు కుంటుతూ నడిచాడు. అంకె నాది, కోత నీది. అర్థమైందనుకుంటాను.

వదిన


వర్క్‌షాపు
సోమవారం మధ్యాహ్నం

మహారాజశ్రీ వదినగారికి,

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. పొద్దున్నే పదకొండుసార్లు ఫోన్ చేసే ఓపిక ఉన్నవాళ్ళ క్షేమానికి ఏం ఢోకా?

పట్టిక అందింది. రంగులు బాగున్నాయి. చిన్నపిల్లల బడిలో అంటించుకోవచ్చు.

ఫోన్ ఎందుకు తియ్యనో చెబుతాను. "ఎంతవరకు వచ్చింది" అని మీరు అడిగినప్పుడల్లా నేను లేవాలి, చేతులకంటిన ప్లాస్టరు కడుక్కోవాలి, "ఇంతవరకు వచ్చింది" అని చెప్పాలి. తిరిగొచ్చి కూర్చునేసరికి తొట్టిలో ప్లాస్టరు రాయి అయిపోతుంది. మీరు అడిగినందువల్ల పని ఒక్క అంగుళం ముందుకి జరిగిన దాఖలా ఇన్నేళ్ళలో లేదు.

నాన్న ఈ బల్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఒక కాలు మొదలుపెడితే అది తయారయ్యేదాకా రెండోది ముట్టుకునేవాడు కాదు. "ఇది ఎవరి కాలో గుర్తున్నంతసేపే చెయ్యి సరిగ్గా పోతుందమ్మా" అనేవాడు. నాదీ అదే పద్ధతి. మీరన్నట్టు ఇరవై నాలుగు గిన్నెలు వరసగా పోస్తే నాకు గిన్నెలే కనబడతాయి, మనుషులు కనబడరు. కాబట్టి తలుపు మూసి, ఫోన్ దాచి, ఒక్కొక్కటీ చేస్తాను. మీ గడుల్లో రంగులు మీరే నింపుకోండి.

పోస్టుమాన్ కాలు నేను తప్పు కోశాను. ఆ రోజే ఒప్పుకున్నాను. మీరు దాన్ని డాక్టరు ముందు, నర్సుల ముందు, బాబాయి ముందు, అన్నయ్య ముందు చెప్పారు. ఆసుపత్రి వాచ్‌మన్ ఒక్కడికే ఇంకా తెలీదనుకుంటాను. వీలు చూసుకుని అతనికీ చెప్పండి.

సరే. అంకె మీది, కోత నాది. ఈ మాట బాగా గుర్తుపెట్టుకుంటాను. మీరూ గుర్తుపెట్టుకోండి.

మీ మరదలు


ఆసుపత్రి, కొలతల గది
మంగళవారం ఉదయం

మరదలికి,

నా పట్టిక చిన్నపిల్లలకి పనికొస్తుందన్నావు. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబితే తప్ప తలకెక్కనివాళ్ళ కోసమే గీశాను.

నిన్న సాయంత్రానికి లెక్క రాలేదు. బాబాయిని అడిగితే "తలుపు మూసుందమ్మా, లోపల ఆకురాయి చప్పుడైతే వినబడింది" అన్నాడు. ఇదా నాకు నువ్విచ్చే లెక్క? ఇక్కడ డాక్టరు గంటకోసారి తల లోపలికి పెట్టి "ఎన్నమ్మా?" అంటున్నాడు. నేను నవ్వి తప్పించుకుంటున్నాను. ఆ నవ్వు నవ్వలేక నా దవడలు లాగేస్తున్నాయి.

ఏడో నంబరు గురించి చెప్పాలి. ఆమె చీటీ, అచ్చు ఈ ట్రిప్పులో పంపుతున్నాను. బస్సు కండక్టరు. ఆరేళ్ళ క్రితం ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కిందనుంచి పోయింది. అప్పుడు మావయ్యగారే కాలు చేసిచ్చారట. ఉద్యోగం తియ్యలేదు గాని, డిపోలో పార్సిళ్ళ కౌంటరు వెనక స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆరేళ్ళుగా ఎక్కని గుమ్మం లేదు, పెట్టని అర్జీ లేదు. చివరికి మళ్ళీ బస్సెక్కడానికి ఒక పరీక్ష సాధించుకుంది. వచ్చే సోమవారం పొద్దున. బస్సు మెట్లు పదిసార్లు ఎక్కి దిగాలి. బస్సు కదులుతుంటే దేన్నీ పట్టుకోకుండా ముందునుంచి వెనక్కి నడవాలి. పాత కాలు అరిగిపోయి కీచుమంటోంది, దానితో నెగ్గలేదు.

"ఆ స్టూలు మీద కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందమ్మా. నాకు బస్సు కావాలి" అంది. పరీక్ష కోసం కొత్త బూట్లు కొనుక్కుని, తాళ్ళు బిగించి కట్టుకుని మరీ వచ్చింది. ఇంకా ఏదో చెప్పబోతుంటే గంట మోగింది. బయట పదిమంది కూర్చునున్నారు. పంపించేశాను.

నీకు నామీద ఎంత కోపం ఉన్నా ఏడో నంబరు దగ్గర చూపించకు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు కాకూడదు.

వదిన


వర్క్‌షాపు
బుధవారం మధ్యాహ్నం

వదినగారికి,

ఏడో నంబరు ఈ ట్రిప్పులో పంపుతున్నాను. మీరు చెప్పకపోయినా ముందే చేసేదాన్ని. ఆరేళ్ళు స్టూలు మీద కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు బాగానే తెలుసు. ఈ బల్ల దగ్గర నాది పదమూడో ఏడు.

పాత ఫైళ్ళ అరలో ఆమెది దొరికింది. నాన్న చేతిరాత. ఎంత గుండ్రంగా రాసేవాడో! అది ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మీరు పంపిన చీటీ తీసి చూశాను. మళ్ళీ నాన్న కాగితం చూశాను. చివరికి మీ అంకె ప్రకారమే పైపు కోశాను. ఒక్క గీత అటూ ఇటూ పోలేదు. వదినగారి కొలతకి తిరుగుంటుందా?

లెక్క కావాలన్నారు. తొమ్మిది. మంత్రం వేస్తే రాలే కాయలు కావివి. మీరు రోజుకి రెండేసి ఉత్తరాలు రాసే తీరిక చూసి ముచ్చటేస్తోంది. ఆ తీరికలో కాసింత మీ గడియారానికివ్వండి, అది కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

దవడలు లాగుతుంటే నవ్వకండి. మీరు నవ్వితే బాగుంటుందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

మీ మరదలు


ఆసుపత్రి, కొలతల గది
గురువారం ఉదయం

మరదలికి,

తొమ్మిది! ఇవాళ గురువారం. ఇంకా పదిహేను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా పట్టికనీ నా గడియారాన్నీ ఆడిపోసుకుంటున్నావు.

నీ ఉత్తరం చదవడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. దానికి ఒళ్ళు మండి, ఆ మంట చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో ఇద్దరి కొలతలు రెండుసార్లు తియ్యాల్సి వచ్చింది. నువ్వు ఫోన్ని బీరువాలో పెట్టినట్టే నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాను. కిటికీ పక్కన అట్టపెట్టె పెట్టాను. ఈ పూట నుంచి నీ ఉత్తరాలు అందులో పడతాయి. శనివారం సాయంత్రం ఆరింటికి, ఆఖరి మనిషి వెళ్ళాక, తీరిగ్గా టీ తాగుతూ చదువుకుంటాను. నీకొక్కదానికేనా మనసు నిలబెట్టుకోవడం వచ్చేది?

డబ్బాల మీద నంబరు రాసి పంపు. అంతకుమించి నీ దగ్గరనుంచి ఈ వారం నాకేమీ అక్కర్లేదు.

వదిన


వర్క్‌షాపు
గురువారం మధ్యాహ్నం

అట్టపెట్టె గారికి,

ఇది ఇవాళ్టికి మూడో కవరు. మూడింటి మీదా ఎర్ర సిరాతో "అర్జెంటు" అని రాశాను. మొదటి దాంట్లో ఉన్నది "మీ గడియారం ఆగిపోవాలి" అన్న ఒక్క వాక్యం. రెండో దాంట్లో ఖాళీ కాగితం. తెరవకుండా ఉండలేక మీ వేళ్ళు గిలగిల్లాడాలని నా కోరిక.

మీరు చదవరని తెలిశాక రాయడం ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్ళూ మాట్లాడితే మీకు కోపం, మాట్లాడకపోతే నాకు కోపం. ఇప్పుడు ఏ గొడవా లేదు.

నాన్న పోయాక మీకు వర్క్‌షాపు వచ్చింది, నాకు పని వచ్చింది. అన్నయ్య ఒక్కమాట అడగలేదు నన్ను. మీరు ఆసుపత్రిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కొత్త కాలు తొడుక్కుని లేచి నిలబడినవాళ్ళు ఎదురుగా ఉన్న మీకు దండం పెడతారు. "ఎవరమ్మా చేసింది?" అని ఒక్కరైనా అడిగారా? అడిగితే మీరేం చెప్పారు? నాన్న పోయిన ఈ నాలుగేళ్ళలో నేను చేసిన కాళ్ళతో ఎవరు ఎలా నడుస్తున్నారో నేనొక్కసారి చూడలేదు. వంట చేసినవాళ్ళని వడ్డన దగ్గరికి రానివ్వకపోతే ఎలా ఉంటుందో మీకు తెలీదు.

పైగా నేను నోరు తెరిస్తే పోస్టుమాన్. ఏం చెప్పబోయినా పోస్టుమాన్. అందుకే చెప్పడం మానేశాను. ఏది కనబడినా సరే, చెప్పను.

పధ్నాలుగు అయ్యాయి. ఇది కూడా మీకు శనివారమే తెలుస్తుంది. అప్పటిదాకా డబ్బాలు లెక్కపెట్టుకోండి.

మరదలు


వర్క్‌షాపు
శుక్రవారం మధ్యాహ్నం

వదినా,

ఇది ఎగతాళి కాదు. దయచేసి చదవండి.

ఇప్పుడే బాబాయి ఒక బూటు తెచ్చిచ్చాడు. కండక్టరు ఆసుపత్రి గేటు దగ్గర ఆయన్ని పట్టుకుని ఇచ్చిందట, ఎడమకాలిది. కాలు ఇంకా ఇక్కడే ఉందనుకుని, "దీనికి తొడిగే పంపమనండి, శనివారం వేసుకునే ఇంటికి నడిచిపోతాను" అందట. దాని అడుగు కొలిచాను. రెండున్నర సెంటీమీటర్లు మందం.

బుధవారం నేను రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నానని రాశాను గుర్తుందా? నాన్న కాగితంలో ఆమె కుడికాలు మోకాలినుంచి నేలకి నలభై మూడు. మీ చీటీలో నలభై అయిదున్నర. నలభై ఏళ్ళ మనిషికి కాలు పెరగదు. ఆ క్షణమే తెలిసింది తప్పని. ఎలా జరిగిందో మాత్రం ఈ బూటు చూశాకే అర్థమైంది. మీరు ఆమె కుడికాలిని బూటుతో సహా కొలిచారు. నేను ఆ కొలతకి కాలు చేశాను. ఆమె దాని కింద ఇంకో బూటు తొడుక్కుంటుంది. అడుగు మందం రెండుసార్లు లెక్కలోకొచ్చింది. ఎడమవైపు రెండున్నర పొడుగు. ఆమె తుంటి ఎత్తుకుని నడవాలి. మెట్లు దిగడం ఆమె వల్ల కాదు.

తెలిసీ ఎందుకు కోశానని అడుగుతారు. "అంకె నాది, కోత నీది" అన్నారు కదా, ఆ మాట మీద కోశాను. శనివారం డాక్టరు ముందు ఆ కాలు తప్పని తేలాలి, పోస్టుమాన్ కథ చెప్పిన నోటితోనే మీరు ఈ కథా చెప్పుకోవాలి. అదే అనుకున్నాను. కండక్టరు సంగతి అనుకోలేదు. బూటు తాళ్ళు చూసేదాకా అనుకోలేదు. కొత్త తాళ్ళు, రెండు ముళ్ళు వేసి పంపింది.

ఏడో నంబరు డబ్బా తెరవకండి. సాయంత్రం ట్రిప్పులో వెనక్కి పంపండి. పైపు కోసి బిగించడం గంట పని. రేపు మొదటి ట్రిప్పుకి మీ దగ్గరుంటుంది.

మరదలు


కండక్టరు ఇంటి ముందు, మెట్ల మీద
ఆదివారం మధ్యాహ్నం

మరదలికి,

ఇవాళ బాబాయి రాడు. ఈ ఉత్తరం నీకు రేపు చేరుతుంది. అయినా ఇప్పుడే రాయకపోతే నా చెయ్యి ఎవరి మీదైనా పడేలా ఉంది.

నిన్న సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె తెరిచాను. ఇరవై నాలుగో మనిషి వెళ్ళిపోయాడు, డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపి మరీ మెచ్చుకున్నాడు, టీ తెప్పించుకుని కూర్చున్నాను. పైన శుక్రవారం కవరు, దాని కింద ఇంకో మూడు. అన్నింటి మీదా అర్జెంటు. పై నుంచి తీస్తే అదే ముందు దొరికేది. నేను నా పద్ధతి ప్రకారం, వచ్చిన వరసలో, అడుగునుంచి తీశాను. గడియారాన్ని తిట్టావు, చదివాను. ఖాళీ కాగితం చూశాను. వంటా వడ్డనా అన్న ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆఖరిది తెరిచేసరికి టీ చల్లారిపోయింది.

నీకు ఫోన్ చేశాను. బీరువాకి చేసినట్టే. వెంటనే డాక్టరు దగ్గర ఆమె చిరునామా అడిగాను. ఆఫీసు మూసేశారు, పొద్దున రమ్మన్నారు.

ఇవాళ పదకొండింటికి ఈ ఇల్లు దొరికింది. ఇంటి ముందు ఏడు మెట్లు. ఆమె నిన్న సాయంత్రం నుంచి ఈ మెట్లు ఎక్కి దిగుతోంది. పదిసార్లు ఎక్కి దిగాలి కదా పరీక్షలో, ఆమె వందసార్లు చేసింది. పక్కింటావిడ లెక్కపెట్టిందట. మెట్ల మీదే కాలు తీసి చూశాను. గిన్నె అంచు రాసుకుని మోకాలి కింద తోలు ఊడిపోయింది. రెండు చోట్ల రక్తం. గిన్నె కాదు, గుడ్డ కూడా ఆనించనివ్వడం లేదు.

నిన్న నేను తొడిగినప్పుడే ఆమె అంది, "కొంచెం ఎత్తుగా ఉందమ్మా" అని. నేనేమన్నానో తెలుసా? "కొత్త కాలు కదా, అలవాటైపోతుంది" అన్నాను. అప్పటికి గంట మోగింది.

నీ సంగతి తర్వాత. ముందు నాది. సోమవారం ఆమె బూటు విప్పబోయింది. తాళ్ళకి రెండేసి ముళ్ళు, విప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. గడియారంలో మూడే ఉన్నాయి. "పర్వాలేదు, ఉండనీ" అన్నాను. అడుగు మందం తగ్గించి రాసుకుందామనుకున్నాను. గంట మోగింది, మర్చిపోయాను. నా చేత్తో నేనే చేశాను.

ఇప్పుడు నీది. బుధవారం చూశావు. శుక్రవారం చెప్పావు. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు! నన్ను డాక్టరు ముందు దింపడానికి ఒక ఆడమనిషి కాలు వాడుకున్నావు. నువ్వు నాన్న బల్ల నాన్న బల్ల అంటావే, ఆ బల్ల దగ్గర కూర్చుని చేశావు ఈ పని.

రేపు పరీక్షకి వెళ్ళడం ఆమె వల్ల కాదు. లోపల ఏడుస్తోంది. నన్ను లోపలికి రానివ్వలేదు.

వదిన


వర్క్‌షాపు
సోమవారం సాయంత్రం

వదినా,

మీరు తిట్టింది చాలదు. ఇంకొకటి ఉంది. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పాలి.

శుక్రవారం సాయంత్రం బాబాయి తిరిగొచ్చాక అడిగాను, "వదిన చదివిందా?" అని. "లేదు చిన్నమ్మా, చూడకుండానే పెట్టెలో పడేసింది" అన్నాడు. నాకు అప్పుడే తెలుసు మీరు చదవలేదని. తాళంచెవి నడుముకే ఉంది. బీరువా నా కుర్చీకి మూడడుగుల దూరం. లేచి, తాళం తీసి, ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది.

చెయ్యలేదు. నేను రాశాను కదా, నా వంతు అయిపోయింది, చదవకపోవడం ఆవిడ తప్పు అనుకున్నాను. అలా అనుకుంటే ఎంత ధైర్యం వచ్చిందో! హాయిగా కూర్చుని పద్దెనిమిదో నంబరు మొదలుపెట్టాను. పని మీద మనసు చాలా బాగా నిలిచింది. ఈ వారంలో నేను చేసినవాటిలో అదే అన్నింటికంటే బాగా కుదిరిన కాలు.

శనివారం మీరు ఫోన్ చేసినప్పుడు బీరువాలో మోగింది. విన్నాను. మీరు అరుస్తారని భయమేసి తియ్యలేదు.

మీ గడియారం సంగతి చదివాను. మీరు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. రెంటికీ తేడా నాకు తెలుసు, మీరు చెప్పక్కర్లేదు. అయినా ఒకటి అడుగుతాను. బుధవారం నేను "ఈ అంకె తప్పు" అని రాసి ఉంటే మీరు నమ్మేవారా, పోస్టుమాన్ పేరెత్తేవారా? నిజం చెప్పండి.

మరదలు


ఆసుపత్రి, కొలతల గది
బుధవారం

మరదలికి,

నిజమే చెబుతాను. పోస్టుమాన్ పేరే ఎత్తేదాన్ని. కానీ ఎత్తాక, రాత్రి పడుకునేముందైనా చీటీ తీసి మళ్ళీ చూసేదాన్ని. నీకది తెలీదు. నాకు తెలుసు. ఇప్పుడు అనుకుని లాభం లేదు.

నిన్న ఆమె దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి గుమ్మందాకా రానిచ్చింది. డిపోవాళ్ళకి కబురు పెట్టిందట. మూడు నెలల తర్వాత ఇంకొక పరీక్ష ఉంది, అదే ఆఖరిది, అది కూడా పోతే ఇక స్టూలే అన్నారట. నేను జరిగిందంతా చెప్పాను, ఏమీ దాచలేదు. నీ ఉత్తరాల గురించి, నా అట్టపెట్టె గురించి. విని విని అడిగింది:

"మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?"

"వదినా మరదళ్ళం" అన్నాను.

"ఒక్క మాట చెప్పుకోవడానికి ఇద్దరికీ నోళ్ళు లేవా?" అంది. తలుపు వేసుకుంది.

డాక్టరుకి కూడా చెప్పాను. నా కొలత తప్పు అని. నీ సంగతి చెప్పలేదు. నీ మీద జాలిపడి కాదు. అది నువ్వే చెప్పుకోవాలి, నీ నోటితో, ఆయన ముందు నిలబడి. వచ్చే ట్రిప్పులో బాబాయితో రా. చెప్పు. చెప్పాక నీకు ఇష్టమైతే ఈ గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ నడక చూడు. ఆ హక్కు నీదే, నేనే తొక్కిపెట్టాను. కానీ నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు.

వదిన


వర్క్‌షాపు
నెల తర్వాత, శుక్రవారం

వదినా,

కండక్టరుకి చేసిన కొత్త కాలు తిరిగొచ్చింది. నలభై మూడుకి చేశాను. నాన్న కాగితం ఒకసారి, మీరు వెళ్ళి వట్టి కాలికి మళ్ళీ తెచ్చిన కొలత ఒకసారి, రెండూ చూసుకుని చేశాను. గిన్నె లోపల మెత్తటి తోలు వేశాను. మూడు రోజులు అదొక్కటే చేశాను, మీరొక్కసారి కూడా ఎంతవరకు వచ్చిందని అడగలేదు.

బాబాయి డబ్బా తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టాడట. ఆమె తాడు కూడా విప్పలేదు. "మంచిదే అయ్యుంటుంది బాబాయ్. కానీ దాని మీద నా బరువు వెయ్యడానికి నాకు ధైర్యం లేదు" అందట. ఆయన ఎంత చెప్పినా వినలేదు.

డాక్టరు ముందు నా తప్పు చెప్పుకుని మీ దగ్గర గదిలో కూర్చున్న ఆ రెండు రోజులూ నేను నడిచేవాళ్ళ కాళ్ళే చూశాను. మీరు నాతో ఒక్కమాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మళ్ళీ పంపమంటారా? నేనే తీసుకెళ్ళనా? ఆమె ముందు కూర్చుని కోసి బిగిస్తాను. ఏమంటే అది వింటాను.

మరదలు


ఆసుపత్రి, కొలతల గది
సోమవారం

మరదలికి,

వద్దు. నేను మొన్న అడిగాను. "మీ ఇద్దరి మనశ్శాంతి కోసం నేను కాలు తొడుక్కోవాలా?" అంది. ఆ మాటకి నీ దగ్గర జవాబుంటే రాయి.

వదిన


బస్సు ఆఖరి స్టాపు, సిమెంటు బెంచీ
మూడు నెలలు దాటాక, గురువారం

అమ్మాయీ,

నేనిక్కడికి రావాల్సిన పని లేదు. నేను దిగాల్సింది నాలుగు స్టాపుల వెనక. ఎదురు బస్సు ఇంకో అరగంటకి గాని లేదు, అందుకే చేతిసంచీలో ఉన్న కొలతల చీటీల వెనక రాస్తున్నాను.

ఇవాళ నేనెక్కిన బస్సులో ఆమె ఉంది. మొదట గొంతు విన్నాను. "లోపలికి జరగండి, లోపల ఖాళీగా ఉంది" అని గట్టిగా అంటోంది. తలెత్తి చూస్తే ఆమే. నా దగ్గరికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది, ఆ చూపులోనే తెలిసింది. "ఎక్కడికమ్మా?" అంది. చెప్పాను. టికెట్టు చింపి నా చేతిలో పెట్టి ముందుకెళ్ళిపోయింది.

నీకు చెప్పాలని జాగ్రత్తగా చూశాను. వీపు నిటారుగా ఉంది. రెండు తుంటులూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. మలుపు దగ్గర డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆమె పడలేదు. చేతిలో టికెట్ల కట్ట కూడా జారలేదు. ఒక ముసలాయన దిగలేక తడుముకుంటుంటే తనే ముందు కిందికి దిగి చెయ్యి అందించి, మళ్ళీ ఎక్కి, పదండి పదండి అని తలుపు మీద కొట్టింది. మెట్ల మీద ఏ కాలు ముందు పెట్టిందో నాకే తెలియలేదు, కొలతలు తీసేదాన్ని.

నా స్టాపు వచ్చింది. ఆమె నావైపు చూసింది. నేను లేవలేదు. ఆఖరిదాకా కూర్చుని ఆమె నడుస్తుంటే చూస్తూనే ఉన్నాను. సంతోషం వేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఆమె చూడకుండా తుడుచుకున్నాను.

ఆఖరి స్టాపులో దిగేటప్పుడు ఆమె ప్యాంటు అంచు కొంచెం పైకి లేచింది. చీలమండ కనబడింది. చక్కటి పని, ఎవరిదో చాలా ఓపికైన చెయ్యి. అది మన కాలు కాదు.

వదిన